వెనక్కి వచ్చిన క్లచ్ ప్లేట్: లోపం పీస్‌లో ఉందా, బండిలోనా, బిగింపులోనా?

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "అన్నా, మొన్న ఇచ్చిన ప్లేట్ పోయింది, వేరేది ఇవ్వు." తెలిసిన మేస్త్రీ అయితే మారు మాట్లాడకుండా కొత్త పీస్ ఇచ్చేస్తారు. తెలియనివాడైతే "డ్రైవర్ తొక్కి కాల్చేశాడు, మేమేం చేస్తాం" అని పంపేస్తారు. రెండూ తప్పే. ఊరికే మార్చి ఇస్తే అసలు జబ్బు బండిలోనే ఉండిపోయి రెండో ప్లేట్ కూడా పోతుంది. ఊరికే తిప్పి పంపితే, ఒకవేళ పీస్‌లోనే లోపం ఉంటే, కిస్తీలు కట్టుకునే ఓనరు నిలువునా మునుగుతాడు. గేర్‌బాక్స్ దింపి ఎక్కించిన కూలి, బండి ఆగిన రోజుల కిరాయి అతనికి ఎవరూ తిరిగి ఇవ్వరు. అందుకే పీస్‌ని చూసి, కొలిచి, ఆ తర్వాతే నోరు విప్పాలి. క్లచ్ పోయిన తీరు సామాను మీద స్పష్టంగా రాసి ఉంటుంది, చదవడం తెలియాలంతే.

కడిగి తేవద్దని ముందే చెప్పండి

మన మేస్త్రీలకు విప్పిన సామానంతా డీజిల్ తొట్టిలో వేసి కడిగే అలవాటు ఉంది. మంచి అలవాటే. కానీ కంప్లైంట్ మీద వచ్చే క్లచ్‌కి అదే దెబ్బ. ఆయిల్ చారిక ఎటు నుంచి ఎటు పాకింది, దుమ్ము పొడిగా ఉందా జిడ్డుగా ఉందా, స్ప్లైన్స్‌లో (షాఫ్ట్ మీద, ప్లేట్ మధ్య రంధ్రంలో ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లు) తుప్పు ఉందా అన్నవన్నీ ఆ తొట్టిలోనే పోతాయి. ఫోన్ చేసిన వెంటనే చెప్పాల్సింది ఇదే: "ప్లేట్ ఒక్కటే కాదండీ, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా తీసినవి తీసినట్టే గోనెసంచిలో వేసి తీసుకురండి. ఫ్లైవీల్ ముఖం, బెల్ హౌసింగ్ లోపల ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి." (ఫ్లైవీల్ అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, ప్రెజర్ ప్లేట్ క్లచ్ ప్లేట్‌ని దానికి నొక్కిపట్టేది, రిలీజ్ బేరింగ్ పెడల్ తొక్కితే ఆ పట్టు వదిలించేది, బెల్ హౌసింగ్ వీటన్నిటినీ కప్పే గుల్ల.)

ఇంకో మాట. బెల్ హౌసింగ్‌లో దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదవద్దు. పాత లైనింగుల్లో (ప్లేట్ రెండు వైపులా ఉండే రాపిడి పొర) ఆస్బెస్టాస్ వాడేవాళ్లు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తెస్తుంది. ఎదురుగా ఉన్న లైనింగ్ ఏ రకమో చూపుతో చెప్పలేం. తడి గుడ్డతో తుడవాలి, ముక్కుకి మాస్క్ ఉండాలి. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకు ఇది ఎవరూ చెప్పరు, చెప్పాలి.

అడగాల్సినవి కొన్నే. ఎన్ని కిలోమీటర్ల దగ్గర బిగించారు, ఎంత తిరిగింది, సెట్ మొత్తం మార్చారా లేక ప్లేట్ ఒక్కటేనా, ఫ్లైవీల్ లేత్ పట్టించారా, డ్రైవర్ మారాడా, సమస్య బిగించిన రోజే మొదలైందా మెల్లగా వచ్చిందా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం దారి తెలిసిపోతుంది. మొదటి రోజే అయితే బిగింపునో, తప్పు పీస్‌నో, పీస్ లోపాన్నో అనుమానించాలి. బాగా తిరిగాక వచ్చిందంటే ఆయిల్, అడ్జస్ట్‌మెంట్, నడిపే తీరు ముందు చూడాలి.

రేస్ పెరుగుతోంది, బండి లాగడం లేదు

ఇది క్లచ్ స్లిప్. బండి మీదే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే స్లిప్ ఉన్నట్టే. ఒకటికి రెండుసార్లు చాలు, ఎక్కువ చేస్తే ఉన్న లైనింగ్ కూడా కాలిపోతుంది.

పీస్ చేతికి వచ్చాక ముందు మందం చూడండి. వెర్నియర్ లోతు ముల్లుని రివెట్ తల మీద ఆనించి, లైనింగ్ పైనుంచి రివెట్ ఎంత లోతులో ఉందో కొలవాలి. లోతు 0.3 నుంచి 0.5 మి.మీ. దాకా తగ్గిపోతే ప్లేట్ ఆయుష్షు అయిపోయిందని చాలా మాన్యువల్స్ చెబుతాయి. ఇది అరుగుదల, లోపం అనడానికి లేదు. అయితే చాలా తక్కువ కిలోమీటర్లకే అరిగిందంటే ఎందుకు అరిగిందో వెతకాలి.

లైనింగ్ మందంగానే ఉండి, నల్లగా అద్దంలా మెరుస్తుంటే ఆయిల్ పడిందేమో చూడండి. ఇక్కడే కడగని పీస్ విలువ తెలుస్తుంది. ప్లేట్ తిరుగుతుంటే ఆయిల్ మధ్య నుంచి అంచుకి చారికలుగా చిమ్ముతుంది. చారికలు ఫ్లైవీల్ వైపు ఎక్కువగా ఉండి, ఫ్లైవీల్ వెనక భాగం కూడా తడిగా ఉంటే అది ఇంజన్ ఆయిల్, క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ నుంచి వస్తోంది. డీజిల్ బండి అయితే నల్లగా పలచగా ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు ఎక్కువగా ఉండి, ఇన్‌పుట్ షాఫ్ట్ వెంట జిడ్డు పాకి ఉంటే గేర్ ఆయిల్. దాన్ని ముక్కుతోనే పట్టేయొచ్చు, గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. హబ్ (ప్లేట్ మధ్య భాగం) చుట్టూ మాత్రమే చిక్కటి మచ్చలుంటే బిగించిన మేస్త్రీ స్ప్లైన్స్‌కి గ్రీజు ఎక్కువ పూశాడని అర్థం. స్ప్లైన్స్‌కి పలచని పొర చాలు, ప్లేట్‌ని షాఫ్ట్ మీద రెండుసార్లు జరిపి, బయటికి వచ్చింది తుడిచేయాలి.

ఆయిల్ తాగిన లైనింగ్‌ని పెట్రోల్‌తో కడిగి, ఎమరీ పేపర్ రుద్ది మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. లైనింగ్ లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. ఆ ప్లేట్ పక్కన పడేయాల్సిందే. సీల్ మార్చకుండా కొత్త ప్లేట్ వేయడమూ అంతే దండగ.

ఆయిల్ లేదు, లైనింగ్ కాలి పొడిపొడిగా ఉంది, ప్రెజర్ ప్లేట్ ముఖం మీద నీలం మచ్చలు తేలాయి. ఇనుము నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి చూసినట్టే. అప్పుడు ఫింగర్ల (ప్రెజర్ ప్లేట్ మధ్యకి వచ్చే, రిలీజ్ బేరింగ్ నొక్కే స్ప్రింగ్ వేళ్లు) చివరలు, రిలీజ్ బేరింగ్ ముఖం చూడండి. ఫింగర్ల మీద గాడి పడి, బేరింగ్ కూడా వేడికి రంగు మారి ఉంటే బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లకు ఆనుకునే తిరిగిందన్నమాట. దానికి రెండే దారులు: పెడల్‌కి ఫ్రీ ప్లే (క్లచ్ కదలక ముందు పెడల్ ఊరికే కదిలే కొద్ది దూరం) లేదు, లేదా డ్రైవర్ కాలు పెడల్ మీదే ఉంచి నడిపాడు. కేబుల్ బండ్లలో లైనింగ్ అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగ్ వైపుకి జరుగుతాయి, ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది. సర్వీసుకొచ్చిన ప్రతిసారీ ఆ ప్లే చూసి సరిచేయకపోతే కొన్నాళ్లకు ఏ తప్పూ చేయని డ్రైవర్ బండిలో కూడా ప్లేట్ కాలిపోతుంది. కాబట్టి బండి మీద ప్లే కొలవకుండా డ్రైవర్‌ని నిందించడం న్యాయం కాదు.

ఫింగర్లు శుభ్రంగా ఉండి ప్లేట్ మాత్రం కాలితే హాఫ్ క్లచ్ (పెడల్ సగం తొక్కి పట్టి నడపడం) గురించి అడగాలి. కృష్ణ ఇసుక రీచ్‌లలో లోడుతో కూరుకుపోయిన లారీని రేస్ చేసి హాఫ్ క్లచ్‌లో బయటికి లాగడం, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద పండగ రద్దీలో బ్రేక్ వేయకుండా క్లచ్ మీదే బండిని ఆపి ఉంచడం, ఇలాంటివి కొద్ది నిమిషాల్లో కొత్త ప్లేట్‌ని కాల్చగలవు.

కొత్త సెట్ వేసిన రోజు నుంచే స్లిప్ ఉంటే

ఈ కేసు మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో పీస్ మీద పడే నింద ఎక్కువ, పీస్ లోపం మాత్రం అరుదు. ఆటోనగర్‌లో లేత్ పని సులభంగా దొరుకుతుంది కాబట్టి మచ్చలు పడ్డ ఫ్లైవీల్‌ని ముఖం తీయించి వేస్తారు. ఫ్లైవీల్ చదునుగా ఉండే రకమైతే పట్టు తగ్గదు, రిలీజ్ బేరింగ్‌ని నెట్టే ఫోర్క్ దగ్గర కొంచెం తేడా వస్తుందంతే. కానీ మెట్టు ఉన్న రకమైతే, అంటే ప్లేట్ ఆనే ముఖం ఒక ఎత్తులో, ప్రెజర్ ప్లేట్ బోల్టులు బిగించే అంచు ఇంకో ఎత్తులో ఉంటే, ముఖం ఎంత తీస్తే అంచు కూడా అంతే తీయాలి. ముఖం ఒక్కటే తీస్తే ప్లేట్ లోతుకి పోతుంది, ప్రెజర్ ప్లేట్ అంత గట్టిగా నొక్కలేదు. కొత్త సెట్ మొదటి లోడుకే జారుతుంది. పీస్ కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. డెప్త్ గేజ్‌తో ఫ్లైవీల్ మెట్టు కొలిచి, మాన్యువల్‌లో ఉన్న కొలతతో సరిచూస్తేనే దొరుకుతుంది.

మెట్టు కూడా సరిగ్గానే ఉంటే అప్పుడు ప్రెజర్ ప్లేట్‌ని అనుమానించండి. పట్టు బలం కచ్చితంగా కొలిచే యంత్రం కంపెనీ ల్యాబ్‌లలో ఉంటుంది, షెడ్డులో ఉండదు. కానీ పోల్చి చూడొచ్చు. అదే నంబరు కొత్త ప్రెజర్ ప్లేట్‌ని, వాపసు వచ్చినదాన్ని ఒకదాని తర్వాత ఒకటి అదే ప్లేట్‌తో విడి ఫ్లైవీల్ మీద బిగించి, మీటర్ ఉన్న హైడ్రాలిక్ ప్రెస్‌తో ఫింగర్లను నొక్కండి. ప్లేట్ ఏ ఒత్తిడి దగ్గర వదిలిందో రెంటికీ రాసుకోండి. తేడా గట్టిగా ఉంటే, ప్రెజర్ ప్లేట్ మీద కాలిన గుర్తులు లేకపోతే, దాన్ని కంపెనీకి పంపాల్సిందే. కాలినదైతే ఆ తేడా వేడికి స్ప్రింగ్ మెత్తబడటం వల్ల కూడా వస్తుంది.

గేరు పడటం లేదు, రివర్స్‌లో గరగర

ముందు ఇంజన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు కూడా గట్టిగా ఉంటే జబ్బు గేర్ లింకేజీలోనో గేర్‌బాక్స్‌లోనో ఉంది, క్లచ్ జోలికి పోవద్దు. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేస్తే పడకపోతే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. పెడల్ పూర్తిగా తొక్కి, అయిదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే ప్లేట్ ఇంకా తిరుగుతోందని అర్థం.

గేర్‌బాక్స్ దించే ముందు పైన చూడాల్సినవి ఉన్నాయి. హైడ్రాలిక్ బండి అయితే పెడల్‌ని మూడుసార్లు గబగబా తొక్కి వేయండి. అప్పుడు గేరు పడితే లైన్‌లో గాలి ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ బలహీనపడింది. గేరు వేసి పెడల్ నిమిషం పాటు తొక్కి పట్టుకుంటే బండి మెల్లగా కదలాలని చూస్తే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు కప్పు నుంచి ఫ్లూయిడ్ జారుతోంది. స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూడండి, తడి ఉంటే లీకు అక్కడే. బ్రేక్ ఫ్లూయిడ్ బదులు పొరపాటున ఏదో ఆయిల్ పోస్తే లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు ఫ్లూయిడ్ మారిస్తే సరిపోదు, రబ్బర్లన్నీ మార్చాలి. కేబుల్ బండి అయితే లోపలి తీగ పోగులు తెగాయేమో, బయటి గొట్టం ఎక్కడైనా నలిగిందేమో చూస్తే చాలు.

ఇవన్నీ బాగుంటే ప్లేట్ బయటికి రావాల్సిందే. ఈ కంప్లైంట్‌లో అసలు పరీక్ష ప్లేట్ వంకర, అంటే తిప్పితే అది పక్కకి ఎంత ఊగుతోందో కొలవడం. ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరు మిర్చి యార్డుకి తిరిగే మినీ ట్రక్ ఒకటి, కొత్త ప్లేట్ వేసిన రోజే గేరు పడలేదు. లైనింగ్ మీద అరుగుదలే లేదు, కంటికి పీస్ కొత్తది. స్ప్లైన్స్‌కి సరిపోయే మాండ్రెల్‌కి (కడ్డీకి) తొడిగి, లేత్ సెంటర్ల మధ్య పెట్టి, మ్యాగ్నెటిక్ స్టాండ్‌కి డయల్ గేజ్ బిగించి, లైనింగ్ అంచుకి కాస్త లోపల ముల్లు ఆనించి చేత్తో మెల్లగా తిప్పాం. ముల్లు సున్నా నుంచి ఎక్కుతూ 1.6 దాకా వెళ్లి మళ్లీ సున్నాకి దిగింది. మళ్లీ తిప్పినా అదే చోట ఎక్కడం, సరిగ్గా ఎదురు చోట దిగడం. చిన్న బండ్ల ప్లేట్లకు 0.5 నుంచి 0.8 మి.మీ. దాకా, పెద్ద ప్లేట్లకు 1 మి.మీ. దాకా ఒప్పుకుంటారు, చివరి మాట ఆ బండి మాన్యువల్‌ది. ఒక పక్కకు ఒరిగిన ఈ వంకర ఫ్యాక్టరీలో వచ్చిందా, బయట వచ్చిందా? హబ్ లోపల టార్చి వేసి చూస్తే గేర్‌బాక్స్ వైపు స్ప్లైన్ పళ్ల అంచు రెండు చోట్ల చిట్లి, కొత్త ఇనుము మెరుస్తోంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్ సగం దూరాక జాకీ జారి, బరువంతా ప్లేట్ హబ్ మీద వేలాడిందని అది చెబుతోంది. ఆ పళ్లు శుభ్రంగా ఉండి వంకర ఉంటే మాత్రం అది పీస్ లోపమే అనుకుని క్లెయిమ్ పంపాలి.

గేర్‌బాక్స్ పూర్తిగా ఆనుకుని రెండు బోల్టులైనా పట్టేదాకా దాని బరువు జాకీ మీదే ఉండాలి. సెంటరింగ్ కోసం పాత షాఫ్ట్ ముక్కనో, అలైన్‌మెంట్ టూల్‌నో వాడాలి. ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే కవరు వంగి ఫింగర్ల ఎత్తులో తేడా వస్తుంది.

వంకర లేకపోతే ఇంకా రెండు చూడాలి. ప్లేట్ మీద ఫ్లైవీల్ వైపు అని గుర్తు ఉంటుంది. తిరగేసి వేస్తే హబ్ స్ప్రింగులు ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుని గుండ్రటి గీత పడుతుంది, చూడగానే తెలుస్తుంది. రెండోది తుప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు నీళ్లలో మునిగిన బండ్లను తల్చుకుంటే ఇది అర్థమవుతుంది. నీళ్లలో నిలబడ్డ బండిలో ప్లేట్ ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది, స్ప్లైన్స్ తుప్పు పట్టి హబ్ జరగదు, రిలీజ్ బేరింగ్‌లో గ్రీజు కడుక్కుపోతుంది. అలాంటి బండిని లాగి, రేస్ చేసి ప్లేట్ విడదీయాలని చూడవద్దు. లైనింగ్ ముక్క ఫ్లైవీల్‌కే ఉండిపోవచ్చు. దించి, బురద తీసి, స్ప్లైన్స్ శుభ్రం చేసి, బేరింగ్ మార్చండి. పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను ఇంజన్ వైపు మోసేది) కూడా వేలితో తిప్పి చూడండి. అది పట్టేస్తే క్లచ్ ఎంత బాగున్నా షాఫ్ట్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది.

కదిలేటప్పుడు వణుకు

ప్లేట్ కంటే ముందు ఇంజన్ మౌంటింగులు చూడండి. రబ్బరు చీలిపోయిన మౌంటింగ్ కూడా అచ్చం క్లచ్ వణుకులాగే ఉంటుంది, మార్చడం ఎంతో చవక. మౌంటింగులు బాగుంటే ప్రెజర్ ప్లేట్‌ని బిగించి ఉన్నప్పుడే ఫింగర్ల ఎత్తులు కొలవాలి. చివరల మధ్య తేడా 0.5 మి.మీ. దాటితే ప్లేట్ ఒక పక్క ముందు, ఒక పక్క వెనక పట్టుకుంటుంది. తర్వాత ప్రెజర్ ప్లేట్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.2 రేకు దూరిందంటే ముఖం వంగింది. ఫ్లైవీల్ మీద వేడి మచ్చలు ఉంటే అవి చేతికి గట్టి గుండ్రటి మచ్చల్లా తగులుతాయి. ఎమరీ కాగితంతో పోవు, ఫ్లైవీల్ లేత్‌కి పోవాలి, లేదా మార్చాలి. కొద్దిగా ఆయిల్ పడినా వణుకు వస్తుంది, దాని గురించి పైన చెప్పాను.

లైనింగ్ ముక్కలు ముక్కలైంది

ఇది చూడగానే అందరూ "నాసిరకం లైనింగ్" అంటారు. కాలిన రంగు చూడండి. కాలిన గుర్తులు లేకుండా, లైనింగ్ వంపు ముక్కలుగా విడిపోయి, బెల్ హౌసింగ్ లోపల దెబ్బలు తగిలి ఉంటే ప్లేట్ తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ వేగంతో తిరిగింది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ లాంటి చోట దిగుడులో చిన్న గేరు వేసి క్లచ్ తొక్కి పట్టుకుని బండిని వదిలేస్తే ఇంజన్ నిదానంగానే ఉంటుంది, కానీ చక్రాలు గేర్‌బాక్స్ ద్వారా ప్లేట్‌ని వేల ఆర్‌పీఎమ్‌కి తిప్పేస్తాయి. లైనింగ్ చిట్లి బయటికి ఎగురుతుంది. ఘాట్ తిరిగి వచ్చిన బండా అని అడగండి. ఘాట్ ఎక్కని బండిలో, కాలకుండా, రివెట్ రంధ్రాల దగ్గర నుంచి పగుళ్లు మొదలై ఉంటే పీస్‌ని అనుమానించొచ్చు. డబ్బా మీద నంబరు, ప్లేట్ మీద ముద్రించిన నంబరు ఒకటేనా చూడండి. నకిలీ సరుకు ఈ దశలోనే బయటపడుతుంది.

శబ్దాలు

పెడల్ తొక్కితే వచ్చి, వదిలితే పోతే రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కితే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, దానికి క్లచ్ మార్చి లాభం లేదు. గేరులో ఉండగా పెడల్ తొక్కినప్పుడే వస్తే పైలట్ బేరింగ్ చూడండి. హబ్ స్ప్రింగులు వదులై గలగలమంటే ప్లేట్ చేతిలో ఊపితే తెలుస్తుంది, కొత్త పీస్ పక్కన ఊపి పోల్చండి.

రిపోర్టు, మళ్లీ బిగింపు

కస్టమర్‌ని పక్కన నిలబెట్టుకునే గేజ్ పెట్టండి. "బాబాయ్, ఈ ముల్లు ఎక్కడ దాకా పోతోందో నువ్వే చదువు" అంటే గొడవ సగం అక్కడే చల్లారుతుంది. కాగితం మీద పార్ట్ నంబరు, తిరిగిన కిలోమీటర్లు, రివెట్ లోతు, వంకర, ఫింగర్ల తేడా, ఆయిల్ ఏ వైపు ఉంది, ఫోటోలు. పీస్ లోపమని తేలితే ఆ పీస్‌తో పాటు ఈ కాగితం కంపెనీకి పోవాలి. కొలతలు లేని క్లెయిమ్ అక్కడ నిలబడదు. బండి లోపమని తేలితే ఏ సీల్, ఏ కేబుల్, ఏ లేత్ పని వల్లో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మేస్త్రీ దాన్నే చూసి పని చేస్తాడు.

కొత్తది బిగించాక బండిని విడిచిపెట్టే ముందు ఫ్రీ ప్లే మాన్యువల్ ప్రకారం పెట్టి, పైన చెప్పిన రివర్స్ పరీక్ష ఒకసారి చేయండి. మొదటి 500 కిలోమీటర్లు పూర్తి లోడు, ఇసుక, ఘాట్ వద్దని డ్రైవర్‌కి చెప్పండి, లైనింగ్ ఫ్లైవీల్‌కి సరిగ్గా కూర్చోవాలి. కేబుల్ బండి అయితే ఆ 500 అయ్యాక ప్లే చూడటానికి మళ్లీ ఒకసారి రమ్మనండి, దానికి డబ్బులు తీసుకోవద్దు.